ఖంగుమంటే కప్పు గట్టిదేనా?

మా చంద్రపూర్ బొగ్గుబాయిల వైపు బల్లార్షా, రాజురా, లాల్‌పేట, ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. "బొగ్గుబాయిలో 40 ఏళ్లు చేసిన పెద్దమనిషి చెప్పిన 5 రహస్యాలు" అట. ఆయన పేరు లేదు, ఏ బాయో లేదు. చివరికి మా బావమరిది కూడా పంపాడు, నిన్నగాక మొన్న ట్రైనింగ్ అయి ఫేస్ మీదికి, అంటే బొగ్గు తవ్వేచోటికి, దిగినవాడు. అందుకే రాస్తున్నా.

అమావాస్యకు బాయి కప్పు, అంటే నెత్తిమీది బండ, ఎక్కువ కూలుతుందట. బండ క్యాలెండర్ చూడదు. తర్వాతిది.

బరువంతా పైనుంచేనట. 300 మీటర్ల లోతులో చదరపు మీటరుకు సుమారు 750 టన్నులు పడుతుంది, నిజమే. పక్కల నుంచీ నొక్కుడుంటుంది, తక్కువ లోతుల్లో అది చాలాచోట్ల పైబరువునే మించుతుంది. గ్యాలరీ (బొగ్గు తీసిన సొరంగం) కప్పు మూల వెంట చీలిక పాకేది ఎక్కువగా దానివల్లే.

తవ్వకుండా బొగ్గు పిల్లర్లు వదిలారు గనుక పాత బాయి మీది ఇళ్లకు ఢోకా లేదట. 2022 ఆగస్టులో ఘుగ్గుస్‌లో ఇల్లు భూమిలోకి దిగిపోయింది, అప్పుడే మరిచారా? దక్షిణాఫ్రికా కోల్‌బ్రూక్ బొగ్గుబాయి 1960లో కూలింది పిల్లర్లు లేకనా? ఒకటి నలిగితే దాని బరువు పక్కదాని మీద పడి వరుసగా పోయాయి. 435 మంది చనిపోయారు.

అసలు ఒళ్లు మండేది నాలుగోది. "సబ్బలితో కప్పు తట్టు, ఖంగుమంటే బోల్టుల కోసం ఆగకుండా లోడింగ్ మొదలుపెట్టు, పది నిమిషాలకేమవుతుంది." బోల్టులంటే కప్పుకు రంధ్రం చేసి పొరల్లోకి బిగించే ఇనుప కడ్డీలు. తట్టడం మంచిదే. డొల్లగా మోగితే బండ విడిపోయినట్టే, దింపేయాలి. ఖంగుమంటే మాత్రం దగ్గరి పొర సంగతే తెలిసింది. మందమైన పొర పైన సందు పడ్డా కింద ఖంగుమనే మోగుతుంది. పెద్ద బండలు వచ్చేది అట్లానే. బొగ్గు పగలగొట్టే షాట్ పేలగానే కొత్త కప్పు కుంగడం మొదలవుతుంది, పొరకు పొర విడిపోతుంది. విడిపోకముందే బోల్టులతో కలిపి బిగిస్తే పొరలన్నీ ఒక్క దూలంలా బరువు మోస్తాయి. లోడింగ్ అయ్యాక వేస్తానంటే అప్పటికే చీలిన కప్పుకు వేస్తున్నట్టు. ఆ పది నిమిషాలు పెద్దమనిషినే వచ్చి నిలబడమనండి, సబ్బలి నేనిస్తా.

ఐదోది, బోల్టు కన్నా కప్పు కింద నిలబెట్టే కర్రే నయమట. ఇందులో సగం ఒప్పుకుంటా. బరువెక్కితే కర్ర కిర్రుమంటుంది, పగుళ్లు తేలుతుంది, పరుగెత్తే టైమిస్తుంది. బోల్టుకు నోరు లేదు. అందుకే బోల్టు కప్పుకు టెల్‌టేల్ అనే, కప్పు కదలిక చూపే పరికరం పెడతారు. కప్పు దిగినకొద్దీ దాని రంగు పట్టీలు కదులుతాయి. మెసేజ్ రాసినాయన కర్రను అంత పొగిడి దీని ఊసే ఎత్తలేదు. గ్యాలరీలు కలిసే జంక్షన్‌లో దాని కిందనుంచే రోజూ పోతాం, క్యాప్‌ల్యాంప్ ఒక్కసారి పైకెత్తితే కనిపిస్తుంది.