బాల్కనీ గొలుసు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బాల్కనీ గొలుసు గారికి, ఎదుటి ఫ్లాట్ వాడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు మళ్లీ మా అంతస్తుకి వేంచేశారని మొన్న గ్రిల్ మీద ఖంగుమన్నప్పుడే తెలిసింది. ఎదురింటివాళ్లు లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నారు. కుక్కపిల్ల ఇంటికొస్తే దాని అన్నం గిన్నె కంటే ముందు కొనేది తమర్నే గదా.

తమరి వాదన నాకు కంఠతా వచ్చు. "టీకాలన్నీ పడేదాకా గడప దాటించకండి, పార్వో తగులుకుంటుంది." ఇందులో అబద్ధం లేకపోవడమే తమరి తెలివి. పార్వో మామూలు జబ్బు కాదు. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్ల చేతిలోంచి జారిపోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మనం భక్తిగా పోసే ఫినాయిల్‌ని లెక్కచెయ్యదు, బ్లీచింగ్ లాంటిది పడితేనే చస్తుంది. టీకాల్లో ఆఖరి డోసు 16 వారాలు నిండాక గానీ పడదు.

కానీ తమరు చెప్పని లెక్క ఇంకోటుంది. కొత్త మనుషుల్నీ కొత్త చప్పుళ్లనీ భయం లేకుండా మనసులో వేసుకునే వయసు కుక్కపిల్లకి 3వ వారంలో మొదలై, 12 నుంచి 14 వారాల్లోపు దాటిపోతుంది. మన దేశంలో కుక్కల అమ్మకాల మీద ఉన్న 2017 నాటి నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అంటే మన చేతికొచ్చాక మిగిలేది మహా అయితే ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ తమరు అడ్డంగా మింగేస్తారు!

తర్వాతి కథ ఏ అపార్ట్‌మెంట్లో అడిగినా చెబుతారు. హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాణ్ణి చూసినా, ఎవరైనా గొడుగు విప్పినా, గ్యాస్ బండ మెట్ల మీద దొర్లినా కుక్క బాల్కనీ ఎగిరిపోయేలా మొరుగుతుంది. "మావాడికి కాస్త కోపం ఎక్కువండీ" అని యజమాని మీసం దువ్వుకుంటాడు. అది కోపం కాదు మహాప్రభో, భయం. ఆ వంకతో తమర్ని ఇంకో రెండేళ్లు పొడిగిస్తాడు. ఉద్యోగ భద్రత అంటే తమరిదే.

తమరికి శత్రువు కింది ఫ్లోర్‌లో ఉంది, జాగ్రత్త. డిగ్రీ చదివే పిల్ల. మొదటి టీకా, నులిపురుగుల మందు పడి వారం దాటాక డాక్టర్ని అడిగి, పప్పీని గుడ్డసంచీలో వేసుకుని భుజాన తగిలించుకుంది. నేల మీద కాలు పెట్టనివ్వలేదు. టీ బండి దగ్గర నిలబడింది. బస్సు హారన్ కొట్టగానే ఉడికించిన చికెన్ ముక్క ఒకటి నోట్లో. ఆవు పక్కనించి నడిచి వెళితే ఒకటి, చేతికర్ర తాతగారొస్తే ఒకటి. డప్పులవాళ్లు దగ్గరకొచ్చేసరికి పప్పీ మొహం తిప్పుకుని మూతి నాక్కుంటూ ఆవులించింది. మనమైతే నిద్రొస్తోందనుకుంటాం. ఆ పిల్ల మాత్రం బెదురుతోందని కనిపెట్టి పది అడుగులు వెనక్కి జరిగింది. ఆసుపత్రిలోనూ అంతే, జబ్బు కుక్కలు తిరిగే చోటని ఒళ్లోంచి దింపలేదు. ఆడుకోవడానికి టీకాలన్నీ వేయించుకున్న పెద్ద కుక్క ఉన్న పిన్నిగారింటికి తీసుకెళుతుంది.

అమెరికాలో పశువుల ప్రవర్తన చూసే వైద్యుల సంఘం 2008లోనే ఇంచుమించు ఇదే చెప్పింది. మొదటి టీకా, నులిమందు పడి వారమైతే 7, 8 వారాల వయసు నుంచే, పిల్లలు నలుగురితో కలవడం నేర్చుకునే పప్పీ క్లాసులకి పంపొచ్చంది. "అక్కడ మనలా వీధి కుక్కలున్నాయా?" అంటారేమో. ఒప్పుకుంటా, మంచి ప్రశ్న. అందుకే మన సందుల్లో సంచీ, చంక, స్కూటర్ ముందు బుట్ట. బయటికి పోవడం వేరు, నేల మీద దింపడం వేరు.

అన్నట్టు, తమరి మీద చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టేసిన కుక్కని తిప్పకపోవడం నేరాలు. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. కంగారుపడకండి, ఆ డబ్బుకి తమరి కొక్కెం కూడా రాదు.

ఇట్లు,
తమరి చప్పుడుకి నిద్రపట్టని ఎదుటి ఫ్లాట్ వాడు

తా.క.: ఎదురింటి పప్పీకి ఇప్పుడు 9 వారాలు. మొదటి టీకా అయింది. ఇంటాయన ఆదివారం పంపిస్తానన్నాడు. సాయంత్రం ఓ పావుగంట తమరు సెలవు పుచ్చుకోండి, సంచీ నేను పట్టుకొస్తా.