సవరణ: పెర్త్‌లో కూర్చున్నవారు ట్రక్కులను నడపరు

డ్రైవర్లు లేని గని ట్రక్కుల గురించి ఇంతకుముందు రాసిన టపాలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ఇనుప గనుల్లో తిరిగే గనుల సంస్థ రియో టింటో ట్రక్కులను దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ నుంచి ఆపరేటర్లు నడుపుతారని ఉంది. ‘నడుపుతారు’ అన్నచోట ‘పర్యవేక్షిస్తారు’ అని చదువుకోవాలి. స్టీరింగు, బ్రేకు పనులు ట్రక్కులోని కంప్యూటరే చూసుకుంటుంది. ముందే సిద్ధం చేసిన దారి పటం, ఉపగ్రహాల ద్వారా స్థాన నిర్ణయం, అడ్డంకులను పసిగట్టే సెన్సార్లు దానికి ఆధారం.

ఆ టపాలో ఈ ట్రక్కులను ‘5వ స్థాయి’ అనడం కూడా సరికాదు. వాహనం ఎంతవరకు తనంతట తాను నడుస్తుందో 0 నుంచి 5 వరకు స్థాయిలుగా చెప్పే ఎస్‌ఏఈ జె3016 ప్రమాణంలో 5 అంటే మనిషి నడపగల ఏ రోడ్డు మీదైనా తనంతట తాను నడిచే వాహనం. ఆ ప్రమాణం రోడ్డు వాహనాల కోసం రాసిందే అయినా, గనికి వర్తింపజేస్తే ఇవి 4వ స్థాయికి దగ్గర: గిరి గీసిన ప్రాంతం దాటితే పనిచేయవు.

గనుల్లో 2008 నుంచే తిరుగుతున్నవి నగరాల్లోకి రావడానికి ఇంత ఆలస్యమెందుకని కొందరు అడిగారు. గనిలో స్వయంచాలిత ప్రాంతంలోకి వచ్చే మనుషుల వాహనాలకు కూడా తమ స్థానాన్ని తెలిపే పరికరం ఉంటుంది. రోడ్డు దాటే పిల్లవాడికి అది ఉండదు కదా!

ఆ టపాలో హ్యూమనాయిడ్లను (మనిషి ఆకారపు రోబోలను) కూడా ఈ ట్రక్కులతో కలిపి చెప్పడం తొందరపాటే. సంకేతం తెగితే ట్రక్కు ఆగిపోతుంది, ఆగడమే దానికి క్షేమం. రెండు కాళ్ల రోబోకు అడుగు మధ్యలో మోటార్లు ఆగితే కింద పడుతుంది.