దురద దొరవారికి బహిరంగ లేఖ

ముట్టుకుంటే కుట్టే కలుపుమొక్క, మహారాజశ్రీ స్టింగింగ్ నెటిల్ గారికి,
కంపోస్టు కుప్ప వెనక, ఫెన్సు పక్కన,
మా పెరడు, ఇంగ్లండు.

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామంటే కుడిచెయ్యి మణికట్టు దాకా భగ్గుమంటోంది. మీ క్షేమం అడగక్కర్లేదు, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఏప్రిల్లో చీలమండ ఎత్తున ఉన్నవారు మే వెళ్లకుండానే నడుమెత్తుకి వచ్చారు.

ముందుగా ఒక చిన్న మనవి. ఈ ఇంటి లోను కట్టేది నేను. కౌన్సిల్ ట్యాక్సు కట్టేది నేను. మీరేమో మట్టి కింద పసుప్పచ్చ వేళ్లు పాకించుకుంటూ వచ్చి నా టమాటా మడి మధ్యలో తల పైకెత్తి, "ఎవరు నువ్వు?" అన్నట్టు చూస్తున్నారు. లాగితే వేరు తెగుతుంది. తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది. నేను కలుపు తీస్తున్నానో, మీకు అంట్లు కడుతున్నానో నాకే అర్థం కావడం లేదు.

పక్కింటి పెద్దాయనకి చెప్పుకుంటే అభినందించాడు. నెటిల్ మొలిచిందంటే నత్రజని, ఫాస్ఫేట్ దండిగా ఉన్న నేల అట, అదృష్టమట. నిజమే, మీరు ఎక్కడపడితే అక్కడ దిగరు. మనిషి తిని పారబోసిన చోటు, పశువుల పేడ పడ్డ చోటు చూసుకుని దిగుతారు. జనం ఎప్పుడో వదిలిపోయిన పాత పల్లెల్లో, గోడలు కూలి మట్టిలో కలిసిపోయాక కూడా, ఆ ఫాస్ఫేటు తింటూ మీరు అక్కడే ఉంటారు. అంటే మా చెత్త మీద బతుకుతూ మమ్మల్నే కుడుతున్నారన్నమాట.

ఆ కుట్టే పద్ధతి మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను. భూతద్దం పెట్టి చూశాను. ఆకు మీద, కాడ మీద గాజుముక్కల్లాంటి సన్నని వెంట్రుకలు. గాజే దాదాపు, కొనంతా సిలికా. చివర చిన్న బుడిపె. చెయ్యి తగిలీ తగలగానే అది ఏటవాలుగా విరిగి, ఉన్న వెంట్రుక కాస్తా ఇంజెక్షన్ సూది అయిపోతుంది. అడుగున ఉన్న తిత్తిలోంచి హిస్టమిన్, అసిటైల్‌కోలిన్, సెరటోనిన్ అనే రసాయనాలు చర్మంలోకి దిగుతాయి. ఆ తర్వాత తెల్లటి దద్దుర్లు, మంట, రాత్రంతా జిలజిల. ఆసుపత్రిలో నర్సు కూడా ముందు "కొంచెం నొప్పిగా ఉంటుంది" అని చెప్పి గుచ్చుతుంది. మీకా మర్యాద కూడా లేదు.

అంతకంటే అన్యాయం ఇంకోటుంది. భయపడుతూ, మెల్లగా, వేలికొనలతో ముట్టుకున్నవాడిని తప్పకుండా కుడతారు. గుప్పెట బిగించి గట్టిగా పట్టేసినవాడి చేతిలో మీ వెంట్రుకలు అణిగిపోయి, పెద్దగా కుట్టరు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మావాళ్లు ఊరికే అనలేదు. ఈ రూలు మా ఊరి ఆఫీసుల్లో చాలాకాలంగా నడుస్తోంది. ఇంత దూరం వచ్చినా పెరట్లో అదే పరిపాలన అంటే ఎవరికి చెప్పుకోవాలి?

మీరు కుట్టగానే ఇక్కడివాళ్లు డాక్ ఆకు కోసం పరుగెడతారు. బామ్మల కాలం నాటి వైద్యం. ఆకు నలిపి రుద్దితే మంట పోతుందంటారు. పోతుందని గట్టి రుజువైతే లేదు. వెతుక్కునే కంగారులో మనమే కాసేపు మర్చిపోతామని నా అనుమానం. ఆ డాక్ ఎవరనుకున్నారు? మా చుక్కకూరకి దాయాది, ఇద్దరిదీ రూమెక్స్ వంశమే. పరాయి దేశంలో దెబ్బ తగిలితే చుట్టాల ఇంటికే పరుగెత్తుతున్నామని తెలిశాక, మందు పనిచేసినా చెయ్యకపోయినా రుద్దుకుంటున్నాను.

ఇక మీ మీద అసలు ఫిర్యాదు. ఇన్ని గుణాలు పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఎందుకు దాచుకున్నారు?

మొదటి ప్రపంచయుద్ధంలో పత్తి దొరకని జర్మనీ మీ నారతో సైనికుల దుస్తులు నేసింది. రెండో యుద్ధంలో బ్రిటన్ మిమ్మల్ని కోయించి ఆకుపచ్చ రంగు తీసింది. కార్నిష్ యార్గ్ అనే జున్నుకి మీ ఆకులే చుట్టుగుడ్డ. ఉత్తరాఖండ్‌లో మీరు కండాలీ కూర, నేపాల్‌లో సిస్నూ. ఇక్కడి డోర్సెట్ జిల్లాలోనైతే మీ పేరున పోటీయే ఉంది. ఎవరి చేలో నెటిల్ పొడుగు అని 1980లలో ఇద్దరు రైతులు పబ్బులో వాదించుకున్నారట. "నా దానికంటే పొడుగుది తెస్తే నమిలి మింగేస్తా" అన్నాడొకడు. తెచ్చారు, మింగాడు. అది ముదిరి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయింది. రెండడుగుల కాడలిస్తారు, పెట్టిన గడువులోగా పచ్చి ఆకులు తినాలి, చివర బోడి కాడలు కొలుస్తారు. 60 అడుగులు దాటించినవాళ్లున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మేమనుకుంటాం. అక్కడ కత్తిపీటలే లైన్లో నిలబడి మరీ ఎంట్రీ ఇస్తున్నాయి.

మా అమ్మకి ఈ చరిత్రలేవీ తెలియవు. ఇక్కడికి వచ్చిన మార్చిలో పెరడంతా ఒకసారి కలియజూసి, "ఇదేంట్రా, దురదగుంటాకుని ఇంత ముద్దుగా పెంచుతున్నావు?" అంది. తినే ఆకేనని ఎవరో చెప్పగానే అంట్లు తోమే రబ్బరు గ్లోవ్సు తొడుక్కుని, లేత చిగుళ్లు నాలుగేసి ఆకుల చొప్పున గిల్లి గిన్నెలో వేసింది. నేను టెన్షన్ పడుతుంటే, "కంద తినట్లా? ఉడికితే ఏ దురదైనా చచ్చినట్టు ఊరుకుంటుంది" అంది. అదే నిజం. మరిగే నీళ్లలో రెండు నిమిషాలు, అంతే, దొరవారి సూదులన్నీ మెత్తబడ్డాయి. కందిపప్పులో కలిపి, కాస్త చింతపండు పిసికి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు వేసింది. పాలకూరకి అన్నలా ఉన్నారు, కొంచెం మట్టివాసనతో. పూత మొదలయ్యాక మాత్రం మీ జోలికి రాకూడదని ఇక్కడివాళ్లు చెప్పారు. అప్పటికి ఆకు ముదిరి గరగరలాడుతుందట.

మిగిలిన మిమ్మల్ని కోసి బకెట్టులో నీళ్లు పోసి మూతపెట్టాను, మొక్కలకి ఎరువట. మూడు వారాలకి మూత తీస్తే ఆ కంపు... మీరు బతికుండగా చేతుల్ని కుట్టారు, చచ్చాక ముక్కుని కుట్టారు. పక్కింటి పెద్దాయన ఫెన్సు మీదుగా తొంగిచూసి, ఎంతో మృదువుగా, "మీ డ్రైనేజీ అంతా బాగానే ఉంది కదా?" అని అడిగాడు. ఒకపాలు కషాయానికి పదిపాళ్లు నీళ్లు కలిపి పోశాను. వంకాయ మొక్కలు వారంలో నల్లగా, ఏపుగా లేచాయి.

ఇంత జరిగాక గార్డెన్ సెంటర్‌కి వెళ్తే, ఒక వరసలో మీ బొమ్మ వేసిన కలుపుమందు డబ్బా. అదే షాపు కెఫేలో నెటిల్ టీ, ఇరవై బ్యాగుల పెట్టె. రెండూ ఒకే ట్రాలీలో వేసుకుని బిల్లు కట్టినావిడని నా కళ్లారా చూశాను.

కాబట్టి రాజీకి వద్దాం. కంపోస్టు వెనక ఎండ పడే మూల మీది. పీకాక్, స్మాల్ టార్టాయిషెల్ సీతాకోకచిలుకలు మీ ఆకుల అడుగునే గుంపుగా గుడ్లు పెడతాయి. పోయినేడాది ఆ నల్లటి ముళ్ల గొంగళిపురుగులు పట్టుదారాల వలలు అల్లుకుని మిమ్మల్ని కరకరా నములుతుంటే చూశాను. వాటిని మీరు కుట్టినట్టు లేదు. పోనీలెండి, ఇంట్లోవాళ్ల విషయం. జూన్‌లో పురుగులు లేని సగం మాత్రమే కోస్తాను, కోసిన చోట గొంగళిపిల్లలకి కొత్త చిగురు వేసేదాకా మిగతా సగం ముట్టను. టమాటా మడి గీత దాటితే మాత్రం గుప్పెట బిగించి వస్తాను. ఆ విద్య మీరే నేర్పారు.

ఇట్లు,
మీ పెరట్లో మీ దయవల్ల నాలుగు టమాటాలు పండించుకుంటున్న
ఒక తెలుగువాడు.

తా.క.: మీ పక్కనే అచ్చం మీలాంటి ఆకులే వేసుకుని తెల్లపూలు పూస్తున్న డెడ్ నెటిల్ అనే ఆసామీకి ఒక్క సూది కూడా లేదు. మీకు చుట్టం కూడా కాదు, తులసి, పుదీనాల కుటుంబం. మీ పేరు చెప్పుకుని ఇన్నేళ్లుగా హాయిగా బతికేస్తున్నాడు. నేనైతే కోర్టుకి వెళ్లేవాణ్ణి.