గోడలు లేకపోయినా మొదలుపెడదాం

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్ళం తిప్పి చూపించే చోట్లు దాదాపు ఒకటే. గోల్డెన్ గేట్ వంతెన, లొంబార్డ్ వీధి వంకరలు, పియర్ 39, చివర్లో గిరార్డెల్లీ చాక్లెట్. ఆ గిరార్డెల్లీకి దగ్గర్లోనే బీచ్ స్ట్రీట్‌లో, 781 నంబరు భవనంలో, కార్టూన్ ఆర్ట్ మ్యూజియం ఉంది. చాలామంది దాని ముందు నుంచే నడిచి వెళ్ళిపోతారు. ఈసారి మాత్రం ఆగి లోపలికి వెళ్ళండి. చిన్నదే, తీరిగ్గా చూసినా పూటలో సగం కూడా పట్టదు.

మా నాన్నగారిని తీసుకెళ్తే ఆయన ముందు ఆశ్చర్యపోయింది బొమ్మల సైజు చూసి. పేపర్లో వేలెడంత వచ్చే స్ట్రిప్పుకి ఇంత పెద్ద కాగితమా అని. కార్టూనిస్టు పెద్దగా గీస్తాడు, అచ్చులో చిన్నదవుతుంది. దగ్గరికి వెళ్తే ఇంకా చాలా కనిపిస్తాయి. ముందు లేత నీలం పెన్సిల్‌తో వేసుకున్న గీతలుంటాయి. ఆ నీలాన్ని ప్రెస్సులోని కెమెరా పట్టుకోదు కాబట్టి చెరపాల్సిన పనిలేదు. దాని మీద పాళీతోనో కుంచెతోనో నల్ల ఇంకు. నచ్చని ముక్కు మీద తెల్ల రంగు పూసి మళ్ళీ గీసిన ముక్కు. మాట మార్చాల్సి వచ్చినచోట అతికించిన కాగితం ముక్క. అచ్చులో మనం చూసేది చివరికి మిగిలిన గీత ఒక్కటే. ఆ గీత దగ్గరికి ఆ మనిషి ఎలా చేరాడో ఒరిజినల్ మాత్రమే చెబుతుంది. పదేళ్ళ పిల్లకి బొమ్మలు నేర్పాలనుకునేవాళ్ళు ఆ తెల్ల రంగు మచ్చ ఒక్కటి చూపించినా చాలు.

అయితే నేను ఇది రాస్తున్నది ఆ మ్యూజియం మొదలైన తీరు గురించి. 1984లో కొంతమంది అభిమానులు, తమ ఇళ్ళలో ఉన్న సొంత బొమ్మలనే తెచ్చి, వేరేవాళ్ళ హాళ్ళలో ప్రదర్శనలు పెట్టారు. వాళ్ళకి సొంత భవనం లేదు. మూడేళ్ళ తర్వాత, 1987లో, 'పీనట్స్' గీసిన చార్లెస్ షుల్జ్ ఇచ్చిన విరాళంతో ఓ చోటు దొరికింది. 2015లో ఊళ్ళో అద్దెలు పెరిగిపోయి మిషన్ స్ట్రీట్‌లోని ఇల్లు ఖాళీ చేశారు. రెండేళ్ళు తలుపులు లేకుండా ఉండి, 2017లో ఇప్పుడున్న చోట మళ్ళీ తెరిచారు. ఆ రెండేళ్ళూ సంస్థ బతికే ఉంది. ఎందుకంటే అది పుట్టిందే గోడలు లేకుండా.

ఈ ఊళ్ళోనే ఇంకొకాయన ఉండేవారు, బిల్ బ్లాక్‌బియర్డ్. ఆయన కథ మనవాళ్ళందరికీ తెలియాలి. 1960లలో అమెరికా లైబ్రరీలు పాత దినపత్రికల్ని మైక్రోఫిల్మ్ తీయించి, అసలు బైండ్లను, అంటే కుట్టి దాచిన పేపర్ల సంపుటాలను, వదిలించుకుంటూ ఉండేవి. మైక్రోఫిల్మ్ నలుపు తెలుపు. ఆదివారం కామిక్ పేజీల రంగులన్నీ దాంతో పోయినట్టే. బ్లాక్‌బియర్డ్ ఆ బైండ్లు నాకివ్వండి అని అడిగితే, ఒక వ్యక్తికి ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవన్నారు. అయితే నేనే సంస్థనవుతానని 1968లో ఓ లాభాపేక్ష లేని సంస్థను రిజిస్టరు చేసి, శాన్ ఫ్రాన్సిస్కోలోని తన ఇంట్లోనే దాన్ని నడిపారు. దశాబ్దాల పాటు ఆ ఇంట్లో పేపర్లే పేపర్లు. చివరికి అదంతా ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తీసుకుంది. 75 టన్నులు, ఆరు పెద్ద ట్రక్కులు. కొలంబస్‌లో ఉన్న ఆ యూనివర్సిటీ వాళ్ళ బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీలో ఇప్పుడు ఎవరైనా వెళ్ళి ఆ పేజీలు చూడొచ్చు. ఆ లైబ్రరీ కూడా 1977లో రెండు తరగతి గదుల్లో మొదలైందే.

పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేసి పెట్టారు కదా, ఇంకేం కావాలి అని నాతో అన్నవాళ్ళున్నారు. ప్రెస్ అకాడమీ చేసిన ఆ పని విలువైనదే, నేనూ గంటల తరబడి అందులో గడిపాను. కానీ అవి అచ్చయిన పేజీల స్కాన్లు. ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. భారతి లేదు, చందమామ ఆగిపోయింది. అచ్చు కోసం బ్లాకు చేయించడానికి ప్రెస్సుకి వెళ్ళిన బొమ్మను తిరిగి గీసినవాడికి ఇవ్వాలన్న పట్టింపు మన దగ్గర ఏనాడూ గట్టిగా లేదు. అమెరికాలోనూ పెద్ద కామిక్ కంపెనీలు ఒరిజినళ్ళు తిరిగివ్వడం మొదలుపెట్టింది 1970లలోనే.

ఈలోగా గీసినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. 2014 మే నెలలో కార్టూనిస్టు శేఖర్ పోయారు, క్యాన్సర్‌తో ఉండి కూడా గీస్తూనే ఉన్నారాయన. అదే ఏడు ఆగస్టులో బాపు. 2015లో విశాఖ రాగతి పండరి. 2017లో మోహన్. 2022లో, 'డుంబు' కామిక్‌ని మనకిచ్చిన బుజ్జాయి. తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు నుంచి లెక్కేస్తే తెలుగు కార్టూన్‌కు వందేళ్ళు దగ్గరపడుతున్నాయి. మలయాళీలు కార్టూనిస్టు శంకర్ పేరిట ఆయన పుట్టిన కాయంకుళం దగ్గర మ్యూజియం కట్టుకున్నారు. బెంగళూరులో 2007 నుంచి కార్టూన్ గ్యాలరీ నడుస్తోంది. మనం ప్రభుత్వాల వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకంటే తెలుగు ఒరిజినళ్ళలో కొన్ని ఇక్కడే, మన ఇళ్ళలో ఉన్నాయి.

అమెరికాలోని మన తెలుగు సంఘాల సావనీర్ల ముఖచిత్రాలు గుర్తు చేసుకోండి. బాపు గారి చేత బొమ్మలు వేయించుకుని ఫ్రేము కట్టించుకున్న ఇళ్ళు ఫ్రీమాంట్ నుంచి న్యూజెర్సీ దాకా ఉన్నాయి. ఆయన చేతిరాత ఇవాళ ఫాంటు అయి మన పిల్లల పెళ్ళి శుభలేఖల మీదికి వచ్చింది. అదే అక్షరం కాగితం మీద ఇంకు తడితో ఎలా మలుపు తిరిగిందో చూడాలంటే ఎవరో ఒకరి డ్రాయింగ్ రూముకి వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళు పెద్దవాళ్ళయ్యాక, ఇల్లు అమ్మేసే రోజున, తెలుగు చదవడం రాని మనవడికి ఆ ఫ్రేములో ఉన్నదేమిటో ఎవరు చెబుతారు? నా భయమంతా ఇదే.

కాబట్టి ముందు జాబితా. మీ దగ్గరున్న బొమ్మకి ముందూ వెనకా ఫొటో తీయండి. వెనకవైపు ముఖ్యం, తేదీలూ ముద్రలూ ప్రెస్సువాళ్ళ సూచనలూ అక్కడే ఉంటాయి. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎలా వచ్చిందో రాసి పెట్టండి. ఎండ పడే గోడ మీద నుంచి వెంటనే తీసేయండి. స్కెచ్ పెన్ను రంగులు వెలుతురికి త్వరగా పాలిపోతాయి. లామినేషన్ మాత్రం వద్దు, ఒకసారి చేయిస్తే ఇక విడదీయలేం. బొమ్మ వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిది అడిగి తీసుకోండి, ఫ్రేముల షాపుల్లో దొరుకుతుంది.

తర్వాత, వచ్చే మహాసభల్లో ఒక గది. నగల స్టాళ్ళకీ రియల్ ఎస్టేట్ స్టాళ్ళకీ హాళ్ళకు హాళ్ళు ఇస్తున్నాం, ఒక గది ఇవ్వలేమా? సభ్యుల ఇళ్ళ నుంచి అరువు తెచ్చిన ఒరిజినళ్ళు, పక్కనే అదే కార్టూన్ అచ్చయిన పేజీ, దాని కింద తెలుగు చదవలేని పిల్లల కోసం సందర్భం చెప్పే నాలుగు మాటలు. 1984లో ఆ మ్యూజియం మొదలుపెట్టినవాళ్ళు చేసింది ఇదే.

ఒక్క విషయంలో మాత్రం మనం మారాలి. బొమ్మ మన గోడ మీద ఉన్నంత మాత్రాన దాన్ని అచ్చేసుకునే హక్కు మనకు రాదు. భారతీయ చట్టం ప్రకారం కళాకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా ఆ హక్కు సాధారణంగా వారసులదే. అంటే బాపు బొమ్మలకు 2074 చివరి దాకా. వేదిక వెనక బ్యానర్ మీదా టీషర్టుల మీదా అడక్కుండా వేసేసుకునే అలవాటు మానాలి. ఆ గది పెట్టిననాడు కార్టూనిస్టుల కుటుంబాలకు కబురు చేసి, అనుమతి తీసుకుని, వాళ్ళకిచ్చే పైకాన్ని భోజనాల ఖర్చుకంటే ముందు, బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాయాలి.