బొడ్డెమ్మ ఆడనోళ్లకు బతుకమ్మ ఎట్లొస్తది?

హనుమకొండ వాడకట్టుల్లో బతుకమ్మ ఆట ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ముందు పెళ్లికాని పిల్లలు పుట్టమన్నుతో చేసి పూలు పెట్టిన బొడ్డెమ్మ చుట్టూ తిరుగుతారు. ఆ తర్వాత పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది సాయంత్రాలు. మొదటి రోజు వేయిస్తంభాల గుడి దగ్గర అడుగు తప్పిన పిల్ల, పద్మాక్షి గుట్టకు సద్దుల బతుకమ్మను మోసే నాటికి పక్కదానికి చెప్తుంటుంది. ఇక్కడ విదేశాల్లో మన తెలుగు సంఘాలు ఇదంతా ఒక్క శనివారంలోకి కుదించాయి. కొత్త కోడలు, ఇక్కడే పుట్టిన పిల్ల, తంగేడు పువ్వే చూడని పొరుగావిడ వచ్చీ రాగానే ఆటలో కలిసిపోవాలనుకుంటాం. కలవకపోతే వాళ్లకు ఆసక్తి లేదంటాం.

కొత్తవాళ్లు తడబడేది కాళ్లతో కాదు, కళ్లతో. లోపలికి ముఖం పెట్టి గుండ్రంగా ఆడేటప్పుడు అందరూ తమ కుడికే జరుగుతున్నా, ఎదుటి అంచున ఉన్నామె మనకు ఎడమకు పోతున్నట్టు కనిపిస్తుంది. ఆమెను చూసి అడుగేస్తే పక్కామెను గుద్దుకోవడమే. 'ఎదుటికి చూడకు, నీ కుడిపక్కామె కాళ్లు చూడు' అని ముందే ఒక్క మాట చెప్తే సగం తిప్పలు పోతాయి.

'మీరు కొత్త కదా, బయటి వరుసలో నిలబడండి' అనడం మర్యాదలా ఉంటుంది కానీ శిక్ష. నడిమి నుంచి 2 మీటర్ల దూరంలో ఉన్న వరుస చుట్టుకొలత పన్నెండున్నర మీటర్లు; 4 మీటర్ల దూరంలోది 25. లోపలివాళ్లను చూస్తూ వాళ్లతో సమానంగా తిరగాలనుకునే కొత్తామె అదే చప్పట్లకు రెట్టింపు అడుగు వేయాలి. వంగి లేచేలోపు కుచ్చిళ్లు కాలి కింద పడతాయి. కొత్తవాళ్లు లోపలే ఉండాలి, ప్రతి ఇద్దరి నడుమ ఆట వచ్చినామె ఒకరు. ఆ చిన్న వరుసలో పన్నెండు మందికి మించి పట్టరు, అదే మేలు. ఒకే రంగు చీరల బృందమంతా ఒక్క దగ్గర గుమిగూడితే ఫొటో బాగుంటుంది, ఆట చెడుతుంది.

ఇక డీజే. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. నేర్చుకునేవాళ్లకు ఊపిరి తీసుకునే సందు అదే. ఎవరైనా వెనకబడితే పాడే ఆమె చూసి లయ తగ్గిస్తుంది, స్పీకర్‌కు కళ్లుండవు. మొదటి అరగంట నోటి పాట, ఒక్క చప్పట్ల ఆట. రెండు, మూడు చప్పట్లు కుదిరాక డీజే ఇష్టం.

కోలాటంలోకి మాత్రం కొత్తవాళ్లను నేరుగా దింపొద్దు. జతలకు సరిసంఖ్య కావాలి, లోపలి వరుస ఒక దిక్కు, బయటిది ఇంకో దిక్కు. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ జడలా అల్లే జడకోలాటంలో ఒక్కరు తప్పినా తాళ్లు చిక్కుపడతాయి, విప్పాలంటే వచ్చిన అడుగులన్నీ వెనక్కి నడవాలి. ముందు కోలలు లేకుండా, కోల తగిలే చోట చప్పట్లు కొడుతూ నడిపించాలి.

వీటన్నిటికీ పండుగ రోజున తీరిక దొరకదు. అందుకే పెత్రమాసకు ముందు మూడు సాయంత్రాలు బొడ్డెమ్మ పెట్టాలి. ఎవరింటి గ్యారేజీ అయినా చాలు. పుట్టమన్ను దొరకకపోతే పీట మీద నాలుగు పూలు పెట్టుకోవచ్చు. మైకు వద్దు, పట్టుచీరలు అసలే వద్దు. జీన్స్ ప్యాంటులో అయితే పక్కామె అడుగు ఎటు పడుతోందో స్పష్టంగా కనిపిస్తుంది.