రోజూ జానెడు కుంగే మా కుర్చీ గారికి

మహారాజశ్రీ రోలింగ్ కుర్చీ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఆ ఉభయంలో నా వాటా నిన్న పొద్దున బాత్రూంలో పోయింది. పేస్టు మూత కింద పడితే తీద్దామని వంగాను, నడుంలో కలుక్కుమంది, అంతే. లేవలేను, కూర్చోలేను. పెళ్లిలో ఎవరో పెద్దాయన కాళ్లకి దణ్ణం పెడుతూ మధ్యలో ఆగిపోయినవాడిలా వాష్‌బేసిన్ పట్టుకుని పావుగంట అలాగే ఉండిపోయాను. మూత ఇప్పటికీ దొరకలేదు.

ఇందులో మీ ప్రమేయం ఏముందంటారా? రోజుకి పదేసి గంటలు నా నడుం ఎవరి అధీనంలో ఉంటోందండీ? 2020లో ఆఫీసు ఇంటికొచ్చి పడ్డప్పుడు రెండు నెలలు డైనింగ్ టేబుల్ కుర్చీతో నెట్టుకొచ్చి, 4,999 రూపాయలు పోసి మిమ్మల్ని తెప్పించాను. మీ ఫొటో కింద ‘లంబార్ సపోర్ట్’, అంటే నడుముకి ఆసరా, అని గొప్పగా రాశారు. వెనకున్న నల్ల ప్లాస్టిక్ బొడిపె అదేనని విప్పాక తెలిసింది. అది నడుముకి అందదు, వీపుకి చాలదు, రెంటికీ మధ్య ఎక్కడో ఒక ఎముకని వెతుక్కుని మరీ పొడుస్తుంది. పోనీండి. చేతుల కింది రెక్సిన్ పొట్టు పొట్టుగా రాలి చొక్కాలకి అంటుకుంటోంది, అదీ పోనీండి. ఒక చక్రానికి మా ఆవిడ జుట్టు చుట్టుకుని తిరగడం మానేసింది, దానికి మాత్రం మిమ్మల్ని ఒక్క మాట అనను, ఇంట్లో ఉండాలి కదా.

కుంగడం ఉంది చూశారూ, అదొక్కటే నాకు మింగుడుపడట్లేదు. పొద్దున తొమ్మిదింటికి మీట లాగి మిమ్మల్ని పైదాకా లేపి, మోచేతులు టేబుల్‌కి సమంగా వచ్చాయో లేదో చూసుకుని, పెద్దమనిషిలా కూర్చుంటాను. పదిన్నర మీటింగుకి కెమెరాలో నా మొహం ముక్కు పైనుంచే కనబడుతుంది. చప్పుడు చెయ్యరు, ఊగరు, సీటు కింద మిమ్మల్ని ఎత్తి పట్టే ఆ సిలిండర్‌లోంచి గ్యాస్ ఏ దారిన జారుకుంటుందో గానీ నన్ను మోసుకుని మెల్లిగా పాతాళానికి బయల్దేరతారు. మధ్యాహ్నానికి భుజాలు చెవుల దగ్గరికి చేరతాయి, నేను బావిలో తాబేల్లా మెడ చాచి స్క్రీన్ చూస్తుంటాను. ‘నాన్నా, సాయంత్రానికి నువ్వు నాకంత అయిపోతావేంటి?’ అని మా చిన్నది అడిగింది. గ్యారంటీ కాయితం వెతికి ఫోన్ చేస్తే గ్యాస్ సిలిండరు అందులోకి రాదన్నారు. మొత్తం కుర్చీలో పాడవ్వడానికి ఉన్నదే అదొక్కటి, అదొక్కటే రాదట! మరి దేనికి గ్యారంటీ, స్క్రూలకా? నిలబెట్టుకోలేనిదానివి ఎత్తు పెరుగుతానని ఎందుకు చెప్పావు? మా తాత చేయించిన టేకు కుర్చీ అరవై ఏళ్లలో అంగుళం దిగలేదు, తెలుసా?

క్షమించాలి. మర్యాద జారింది. మీతో ఉండీ ఉండీ.

నిన్న ఇంకా అయ్యింది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పోతుందని ఎదురింటి పిన్నిగారు మూడో ఫ్లోర్ నుంచి బీటెక్ కుర్రాణ్ణి పిలుచుకొచ్చారు. వాడు చెప్పులు విప్పి, ‘సారీ అంకుల్’ అని, వినయంగా తన్నాడు. నొప్పి ఉంది, పరువు పోయింది. అమృతాంజనం పట్టించాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ సీసా డబ్బులతో ఆంధ్రపత్రిక నడిచింది గానీ, నా నడుం నడవలేదు.

సరే, ఫిజియోథెరపీకి వెళ్లాను. రెండున్నర గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు, అదీ నడుం నొప్పులవాళ్లని. మీ చుట్టాలే అయ్యుంటారు. లోపల ఒకమ్మాయి బోర్లా పడుకోమంది. వీడియోల్లోలాగా మెలితిప్పి ఎముకలు పటపటలాడిస్తుందని నేను పళ్లు బిగబట్టి ఉన్నాను. ఆవిడ వెన్నుపూస పక్కన రెండు బొటనవేళ్లు ఆనించి, మామిడిపండు పండిందో లేదో చూసినంత మెల్లిగా నొక్కి వదులుతోంది, నొక్కి వదులుతోంది. ‘ఎప్పుడు మొదలుపెడతారమ్మా?’ అన్నాను. ‘అయిపోవచ్చిందండీ’ అంది.

600 రూపాయలు. కోపంగానే లేచాను గానీ, వంగి చెప్పు బెల్టు నేనే పెట్టుకున్నాను. ఎముకలేవీ సరిచెయ్యలేదట, బిగుసుకున్న కండరాలకి కాస్త ధైర్యం చెప్పిందట, ఈ సుఖం రెండు రోజులుంటుంది, ఆ రెండు రోజులూ పడుకోకుండా నడవమంది. ఎమ్మారై తీయిద్దామా అంటే, కాళ్లలో తిమ్మిర్లూ బలహీనతా లేవు కదా, ఎందుకంది. ఏ నొప్పీ లేని 40 ఏళ్లవాళ్లకి తీసిన స్కాన్లలోనూ సగం మందికి వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి కనబడిందని 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చిందట. అప్పుడు మీ పేరు చెప్పాను. ఫొటో కూడా చూపించాను. ‘కుర్చీదేముందండీ, మీరు ఎన్నిసార్లు లేస్తారు?’ అంది. భోజనానికి అన్నాను. కంచం టేబుల్ దగ్గరికే తెప్పించుకుంటానని చెప్పలేదు.

నేను ఒప్పుకోలేదు. రాత్రి బోర్లా పడుకుని మీ మీద ఆధారాలు వెతికాను. 1960ల్లో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్‌సన్ అనే డాక్టరు బతికున్న మనుషుల డిస్కుల్లోకే సూది దించి, నిలబడ్డప్పటికంటే కూర్చున్నప్పుడే ఒత్తిడి ఎక్కువని తేల్చాడు. దొరికారనుకున్నాను. తీరా 1999లో జర్మనీలో మళ్లీ కొలిస్తే, కూర్చున్నా దాదాపు నిలబడ్డంతేనట, జారగిలబడితే ఇంకా తక్కువట. అది ఒకే ఒక్క మనిషి వెన్నులో కొలిచిన లెక్కే అనుకోండి. అయినా నిటారుగా కూర్చోమని ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు వేసిన వీపు దెబ్బలు ఇప్పుడు ఎవరు వెనక్కి తీసుకుంటారు?

ఇవాళ పొద్దున పాత సామాన్ల బండి వస్తే పిలిచాను. అతను మిమ్మల్ని తిరగేసి, కాళ్లు లెక్కపెట్టి, ‘అంతా ప్లాస్టిక్కే సార్, ఎనభై ఇస్తా’ అన్నాడు. ఎనభై! నాకు ఒళ్లు మండింది. నాలుగు అప్రైజళ్లు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఒక శుక్రవారం, కరోనాలో మామయ్య పోయాడన్న ఫోను, అన్నీ మీ మీద కూర్చునే విన్నాను. మామయ్య పోయిన రోజు మీరు కుంగారో లేదో గుర్తు లేదు. అతన్ని పొమ్మన్నాను.

ఇదంతా వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నిలబడి టైపు చేస్తున్నాను. పక్కన కుక్కర్ మూడో కూత కూసింది. కాళ్లు లాగేస్తున్నాయి. వస్తున్నా, కాస్త పైకి లెయ్యి.