గుప్పెడు మట్టి, పన్నెండు కంటైనర్లు

విషపు వ్యర్థాలున్న స్థలాన్ని శుభ్రం చేయడానికి ఒక పద్ధతి ఉందని నిపుణులు చెబుతారు. అసలు ఏం తేల్చుకోవాలో ముందు రాసుకోవాలట. నేలలో ఏముంది, ఎంత లోతున ఉంది, నీళ్లలో కలిసి ఎటు పోతోంది, ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు అని పటం గీసుకోవాలట. ఎక్కడెక్కడ ఎన్ని నమూనాలు తీస్తే ఆ పటాన్ని నమ్మొచ్చో లెక్కకట్టాలట. ఆ తర్వాతే పార పట్టాలట.

ఇంత చాదస్తం మనకెందుకు? భోపాల్‌లో మనం కనిపెట్టిన పద్ధతి ఎంతో సులువు. ముందు లారీ మాట్లాడాలి.

1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ నుంచి గాలిలోకి పోయిన విషం సంగతి లోకానికంతా తెలుసు. అంతకుముందు సుమారు పదిహేనేళ్లు పురుగుమందులు చేయగా మిగిలిన చెత్తను ఆవరణలోనే గుంటలు తీసి పూడ్చారు. కొంత బయట చెరువుల్లాంటివి తవ్వి ఎండబెట్టారు. ప్రమాదం తర్వాత ఫ్యాక్టరీకి తాళం పడింది గానీ చెత్తకు పడలేదు.

2005లో పైకి కనిపించిందాన్ని ఏరి, మూటగట్టి గోదాములో పెట్టారు. అక్కణ్ణుంచి ప్రణాళిక ఊపందుకుంది. కాల్చడానికి అంకలేశ్వర్ పంపుదామంటే గుజరాత్ వద్దంది. నాగ్‌పూర్ అంటే మహారాష్ట్ర వద్దంది. 2012లో ఏకంగా జర్మనీలో కాల్పిద్దామనుకున్నారు, వాళ్లూ తప్పుకున్నారు. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే బ్యాచిలర్ కూడా ఇన్ని ఊళ్లలో ‘లేదు బాబూ’ అనిపించుకుని ఉండడు.

నమూనాల సేకరణ కూడా జరగలేదనుకోవద్దు. 2009లో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లిన పెద్దమనిషి, స్వయంగా అక్కడికెళ్లి ఆ వ్యర్థాన్ని చేతిలోకి తీసుకున్నారు. తాను బతికే ఉన్నానని, దగ్గు కూడా రావడం లేదని ప్రకటించారు. బోరు వేయక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు. ఒక గుప్పెడు, ఒక మంత్రి, పరీక్ష పూర్తి. ఆ విషం కలిసిన నీళ్లు ఏళ్ల తరబడి కడుపులోకి పోతే ఏమవుతుందో కూడా చూడాలి కదా అని సణిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల దగ్గర కెమెరాలుండవు.

మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు, నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు మాత్రం పాత చాదస్తం వదల్లేక నేలను పరిశీలించారు. శుభ్రం చేయాల్సిన మట్టి దాదాపు 11 లక్షల టన్నులని నీరీ 2010లో తేల్చింది. గోదాములో ఉన్నదెంతా? 337 టన్నులు. అంటే పదివేల పాళ్లలో మూడు పాళ్లు.

ఆ మూడు పాళ్ల కోసం 2024 డిసెంబరు 3న మధ్యప్రదేశ్ హైకోర్టు కన్నెర్రజేసి నాలుగు వారాలు గడువిచ్చింది. నలభై ఏళ్లు కదలని చెత్త నాలుగు వారాల్లో కదిలింది. 2025 కొత్త సంవత్సరం రోజు రాత్రి పన్నెండు కంటైనర్లు, దారి పొడవునా పోలీసులు, 250 కిలోమీటర్ల అవతల, ఇలాంటి చెత్తను కాల్చే కొలిమి ఉన్న పీథంపూర్. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మనవాళ్లు కొండను ముట్టుకోకుండానే ఎలుకను పట్టి ఊరేగించారు. పీథంపూర్ జనం వీధుల్లోకొచ్చి గొడవ చేశారు. ప్రణాళికలో వాళ్లకు చెప్పే అంకం లేదు మరి.

జూన్ చివరికల్లా మొత్తం కాల్చేశారు. సున్నం వగైరా కలిపి కాల్చారు కాబట్టి 337 టన్నులు కాస్తా 800 టన్నులకు పైగా బూడిద, ఇతర అవశేషాలుగా మిగిలాయి. ఇల్లు ఊడిస్తే చెత్త రెట్టింపయ్యే ఈ విద్య మా ఇంట్లో పిల్లలకు ఎప్పట్నుంచో వచ్చు, గుర్తింపే రాలేదు.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల కోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న స్థలాన్ని ప్రాథమికంగా పరిశీలించడానికి 90 రోజులు, వివరంగా పరిశీలించడానికి మరో మూడు నెలలు. అన్నిటికీ గడువుంది. శుభ్రం చేయడం ఎప్పటికి పూర్తి కావాలన్నదానికి మాత్రం లేదు. అదీ పెడితే అధికారులకు అనవసరంగా టెన్షన్.

ఈలోగా భోపాల్‌లో ఆ 11 లక్షల టన్నులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫ్యాక్టరీ చుట్టుపక్కల బస్తీలకు కుళాయి నీళ్లివ్వమని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఏటా వానాకాలం వస్తుంది, నీరు మట్టిలోకి ఇంకుతుంది, అందిన విషాన్ని తీసుకుని కిందికి దిగుతుంది. అది మాత్రం ఏ కమిటీ అనుమతీ అడగదు, లారీ కోసం ఎదురుచూడదు.